1955 నాటి టోపో షీటులో బెజవాడను చదవడం ఎలా

కృష్ణా డెల్టా పాత టోపో మ్యాప్‌ను, అంటే నేల ఎత్తుపల్లాలు చూపే మ్యాప్‌ను, మొదటిసారి తెరిచినవాళ్లు చాలామంది అయిదు నిమిషాల్లో మూసేస్తారు. పైన కొండపల్లి, పడమట కొండవీడు దగ్గర కాస్త గోధుమరంగు కాంటూర్లు కనిపిస్తాయి. ఆ తర్వాత సముద్రం దాకా ఎత్తు చెప్పే గీత దాదాపు ఉండదు. ఎటు చూసినా నీలం గీతలే. ఇందులో చదవడానికి ఏముందిలే అనిపిస్తుంది. కానీ చదవాల్సింది ఆ నీలం గీతలనే. డెల్టాలో మెరక ఏదో, పల్లం ఏదో సాగునీటి కాలువలూ, మురుగు తీసుకెళ్లే డ్రెయిన్లే చెప్తాయి. వాటిని విడదీయడం వస్తే షీటు దానంతట అదే తెరుచుకుంటుంది.

ఇక్కడ చెప్పేది అమెరికా సైన్యం మ్యాప్ సర్వీస్ 1955 నుంచి ప్రచురించిన యు502 సిరీస్ గురించి. భారత్, పాకిస్తాన్‌లకు 1:250,000 స్కేలులో వేసిన షీట్లు ఇవి. టెక్సస్ విశ్వవిద్యాలయం పెర్రీ-కాస్టనెడా లైబ్రరీ వీటి స్కాన్లను ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. పాస్‌వర్డ్ లేదు, అనుమతి ఉత్తరం రాయక్కర్లేదు.

ముందు షీటు నంబరు తేల్చుకోండి

ఊరి పేరుతో వెతకడం మొదలుపెట్టకండి. పేర్ల స్పెల్లింగుతో తల బొప్పి కడుతుంది. బెజవాడ, విజయవాడ, విజయవాడా, ఎల్లోర్ (ఏలూరు), మసూలిపటం (బందరు) ఇలా ఏ రూపంలోనైనా ఉండొచ్చు. అక్షాంశం, రేఖాంశం తెలిస్తే నంబరు మీరే లెక్కగట్టొచ్చు.

భూమధ్యరేఖ నుంచి ఉత్తరానికి నాలుగేసి డిగ్రీలకు ఒక ఇంగ్లిష్ అక్షరం ఇచ్చారు. 16 నుంచి 20 డిగ్రీల దాకా ఉన్నది అయిదో పట్టీ కాబట్టి 'ఇ'. ఉత్తరార్ధగోళం కాబట్టి దాని ముందు 'ఎన్'. తర్వాత జోన్ నంబరు: 78 నుంచి 84 డిగ్రీల తూర్పు దాకా 44. ఆ పెద్ద గడిని పదహారు ముక్కలు చేశారు. ఒక్కో ముక్క ఒక డిగ్రీ ఎత్తు, ఒకటిన్నర డిగ్రీ వెడల్పు. లెక్క వాయవ్య మూల నుంచి మొదలై ఎడమ నుంచి కుడికి, పై వరస నుంచి కింది వరసకు సాగుతుంది.

విజయవాడ సుమారు 16 డిగ్రీల 31 నిమిషాల ఉత్తరం, 80 డిగ్రీల 37 నిమిషాల తూర్పు. అంటే కింది వరస, ఎడమ నుంచి రెండో ముక్క. నంబరు ఎన్ఇ 44-14. గుంటూరు, తెనాలి కూడా ఇందులోనే పడతాయి.

అయితే ఇక్కడో చిక్కుంది. డెల్టా సరిగ్గా షీట్ల మూల మీద కూర్చుంది. 81వ రేఖాంశం దాటగానే ఏలూరు, కొల్లేరు, బందరు పక్క షీటులోకి, అంటే 44-15లోకి వెళ్లిపోతాయి. 16వ అక్షాంశానికి దిగువన ఉన్న దివిసీమ కొస, బాపట్ల కింద తీరం ఎన్‌డి 44 వరసలోకి పోతాయి. కాబట్టి ఒక షీటుతో సరిపెట్టుకోకుండా ఇరుగుపొరుగు షీట్లు కూడా దింపుకోండి. తీరంలో మిగిలిన కొద్దిపాటి నేల కోసం వేరే షీటు వేయకుండా పక్కదానికే అతికించడం ఇలాంటి సిరీస్‌లలో మామూలే. ఇండెక్స్ మ్యాప్ ఒకసారి చూసుకుంటే ఆ అనుమానం తీరుతుంది.

దగ్గరి వివరాలు కావాలంటే సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల పాత అంగుళం మ్యాప్ వెతకాలి. ఒక అంగుళానికి ఒక మైలు, అంటే 1:63,360. అందులో బెజవాడ 65 డి/10, మంగళగిరి 65 డి/11, తెనాలి 65 డి/12. అది దొరికితే యు502 కన్నా దానికే పెద్దపీట వేయండి. కాకపోతే మంచి స్కాన్ దొరకడమే కష్టం.

అంచులు చదవకుండా లోపలికి వెళ్లొద్దు

షీటు కింద, పక్కన ఉన్న చిన్న అక్షరాలే సగం మ్యాప్. స్కేలు, ఎత్తులు అడుగుల్లోనా మీటర్లలోనా, కాంటూర్ అంతరం ఎంత, గుర్తుల పట్టిక, మూలం ఏమిటి, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ముఖ్యంగా మూలం. ప్రచురించింది 1955లో కావచ్చు. కానీ అమెరికా వాళ్లు ఇక్కడికొచ్చి గొలుసు పట్టి కొలవలేదు, అంతకుముందు సర్వే ఆఫ్ ఇండియా వేసిన షీట్లనే ఆధారంగా తీసుకుని కూర్చారు. ఆ సర్వే దానికి ఎన్నో ఏళ్ల ముందుది కావచ్చు. అందుకే 1955 షీటులో ఒక ఊరు చిన్నదిగా కనిపిస్తే 1955లో అది అంతే ఉండేదని తేల్చేయకండి.

మీ చేతిలోది నిజంగా ఏ కాలపు నేలో తెలుసుకోవడానికి కొన్ని పరీక్షలున్నాయి. నది మీద ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య ఏముందో చూడండి. ప్రకాశం బ్యారేజీ 1957 డిసెంబరులో ప్రారంభమైంది. అంతకుముందు అక్కడున్నది కాటన్ దొర చొరవతో, కెప్టెన్ ఛార్లెస్ ఓర్ పర్యవేక్షణలో 1852-55 మధ్య కట్టిన ఆనకట్ట. అది 1952లో తెగింది. పాత మూలంలో ఆనకట్టే ఉంటుంది, దాని మీద రోడ్డు ఉండదు. పడమటి వైపు నాగార్జున సాగర్ కాలువల కోసం వెతకండి. 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది, నీళ్లు వదిలింది 1967లో. కాబట్టి నరసరావుపేట వైపు ఆ పెద్ద కాలువ గీత ఉండకూడదు.

మరో పరీక్ష సరిహద్దులది. నందిగామకు దగ్గర్లో పరిటాల చుట్టూ విడిగా ఒక సరిహద్దు గీత ఉందేమో చూడండి. చుట్టూ బ్రిటిష్ వాళ్ల కృష్ణా జిల్లా, మధ్యలో నైజాం ముక్క. ఇలాంటి దీవులన్నీ 1950లో పక్క రాష్ట్రాల్లో కలిసిపోయాయి. ఆ గీత ఇంకా కనిపిస్తే సరిహద్దుల విషయంలో మీ మూలం అంతకన్నా పాతదే.

కొలత

1:250,000 అంటే కాగితం మీద ఒక సెంటీమీటరుకు నేల మీద రెండున్నర కిలోమీటర్లు. నాలుగు సెంటీమీటర్లకు పది కిలోమీటర్లు. అంత చిన్న స్కేలు కాబట్టే ఒక షీటు దాదాపు 64 సెంటీమీటర్ల వెడల్పులో 160 కిలోమీటర్లు పట్టేస్తుంది. 1951 లెక్కల్లో సుమారు లక్షా అరవై వేల జనాభా ఉన్న బెజవాడ మొత్తం మీ బొటనవేలి కింద దాగిపోతుంది.

స్కాన్ ప్రింట్ తీసినప్పుడు సైజు మారుతుంది కాబట్టి పై లెక్క పట్టుకుని స్కేలు బద్దతో కొలవకండి. షీటు కింద ఉన్న కొలత గీతనే వాడండి. కాలువ పొడవు కావాలంటే దాని వంపుల మీదుగా కుట్టు దారం పరిచి, ఆ దారాన్ని కొలత గీత మీద పెట్టి చూడండి. పాత పద్ధతే, కానీ పనికొస్తుంది.

అసలు పని: నీటి గీతలను విడదీయడం

ఒక ప్రింట్ తీసుకోండి. రెండు రంగుల పెన్సిళ్లు పెట్టుకోండి, కాలువకు ఒకటి, డ్రెయిన్‌కు ఒకటి. ఇక్కడ తొందరపడొద్దు. ఒక ఆదివారం పూర్తిగా పోయినా పోనీయండి.

మొదటి సూత్రం: కాలువ సముద్రం వైపు పోయేకొద్దీ చీలుతుంది, డ్రెయిన్ పోయేకొద్దీ కలుస్తుంది. కాలువ చెట్టు మొదలు నుంచి కొమ్మలు వేసినట్టు విడిపోతూ, చివరికి సన్నబడి పొలాల్లో మాయమవుతుంది. డ్రెయిన్ పొలాల్లో సన్నగా పుట్టి, ఇంకో డ్రెయిన్‌ను కలుపుకుంటూ లావెక్కి, సముద్రంలోనో కొల్లేరులోనో పడుతుంది. గీత పక్కన పేరు లేకపోయినా ఈ ఒక్క లక్షణంతో చాలావాటిని గుర్తుపట్టొచ్చు.

తూర్పు వైపు ఆనకట్ట దగ్గర మొదలుపెట్టండి. ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ బెజవాడలోంచే విడిపోతాయి. రైవస్ మళ్లీ దిగువన పుల్లేరు, పోల్రాజు, క్యాంప్‌బెల్ కాలువలుగా చీలుతుంది. పడమట సీతానగరం దగ్గర బయలుదేరిన ప్రధాన కాలువను పట్టుకుని కిందికి రండి. దుగ్గిరాల దగ్గర అది చేతులు విప్పుతుంది. కొమ్మమూరు కాలువ, నిజాంపట్నం కాలువ అక్కడి నుంచే. తెనాలి ఊరి మధ్యలోంచి మూడు కాలువలు పారడం వెనక ఉన్నది ఈ పంపకమే. ఆంధ్రా ప్యారిస్ అనే పేరుకు కూడా ఆ కాలువలే కారణమంటారు.

రెండో సూత్రం: కాలువ ఉన్నచోటు మెరక, డ్రెయిన్ ఉన్నచోటు పల్లం. కాలువ నీళ్లు ఇంజన్ లేకుండా రెండు పక్కలా పొలాలకు పారాలంటే అది చుట్టుపక్కల నేలకన్నా ఎత్తున ఉండాలి. అందుకే ఇంజనీర్లు వాటిని మెరక వెంబడే నడిపించారు. కృష్ణ కూడా వేల ఏళ్లుగా ఒండ్రు పోసుకుంటూ తన గట్లను తానే ఎత్తు చేసుకుంది. నదికి దగ్గరగా మెరక, దూరం జరిగేకొద్దీ పల్లం. మనం ఊహించేదానికి ఇది అడ్డంగా ఉంటుంది కాబట్టి గట్టిగా గుర్తుపెట్టుకోండి. రెండు కాలువల మధ్య నేల ఎక్కడ ఎక్కువ దిగిందో అక్కడే డ్రెయిన్ ఉంటుంది. మీ రెండు రంగులూ పూర్తయ్యాక చూడండి, కాలువ రంగు ఉన్న గీతలన్నీ శిఖర రేఖలు, డ్రెయిన్ రంగు ఉన్నవన్నీ లోయలు. కాంటూర్లు లేని చోట మీకు కాంటూర్ మ్యాప్ తయారైంది.

తుంగభద్ర డ్రెయిన్, పేరలి, రొంపేరు లాంటివి పడమటి డెల్టాలో ఈ లోయ గీతలు. తుంగభద్ర పేరు చూసి కంగారు పడొద్దు, కర్నూలు దగ్గరి నదికీ దీనికీ సంబంధం లేదు.

మూడోది, లాకులు. అంటే పడవను ఒక నీటి మట్టం నుంచి ఇంకో మట్టానికి దించే, ఎక్కించే తలుపుల కట్టడాలు. ఈ కాలువలు సాగుకే కాక పడవలకూ కట్టినవి. బెజవాడలో ఎక్కిన సరుకు కొమ్మమూరు కాలువ మీదుగా పెదగంజాం చేరి, అక్కడ బకింగ్‌హాం కాలువలో పడి మద్రాసు దాకా పోయేది. కాలువ మట్టం ఒక మెట్టు దిగే ప్రతిచోటా పడవ దిగడానికి లాకు కట్టాలి. కాబట్టి మ్యాప్‌లో లాకు గుర్తు ఉందంటే అక్కడ ఎత్తు ఒక మెట్టు తగ్గిందని అర్థం. అంగుళం మ్యాప్‌లో లాకుల పక్కన తరచూ 'ఐబీ' అనే అక్షరాలు కనిపిస్తాయి. అది ఇన్‌స్పెక్షన్ బంగళా, కాలువల ఆఫీసర్లు వచ్చినప్పుడు బస చేసే చోటు. 'డీబీ' అంటే డాక్ బంగళా. 'బీఎం' (బెంచ్ మార్క్) పక్కన అంకె ఉంటే అది కొలిచిన ఎత్తు. డెల్టాలో అలాంటి అంకె ఎక్కడ దొరికినా దాని చుట్టూ సున్నా చుట్టి పెట్టుకోండి. కాలువ రంగు మీది అంకెలూ డ్రెయిన్ రంగు దగ్గరి అంకెలూ పోలిస్తే మీ రంగులు సరిగ్గా పడ్డాయో లేదో తేలిపోతుంది.

నాలుగోది, నీలం గీతలు ఒకదాన్నొకటి దాటే చోట్లు. అక్కడ రెండూ కలిశాయా, కలవకుండా దాటాయా అని భూతద్దం పెట్టి చూడండి. కలవకపోతే కింద టన్నెల్ ఉన్నట్టు. డ్రెయిన్ కింద నుంచి, కాలువ పైనుంచి పోతాయి. బుడమేరు ఎనికేపాడు దగ్గర కాలువను ఇలాగే కింద నుంచి దాటుతుంది. స్థానికులు దీన్ని యూటీ (అండర్ టన్నెల్) అంటారు. వరదలో మొదట ఇరుక్కునేది ఇలాంటి చోటే. టన్నెల్ ఎంత పడుతుందో అంతే పోతుంది, మిగతాది వెనక్కి పొంగుతుంది.

ఇక డెల్టా అంచు. అది పట్టుకోవడానికి చెరువులను చూడండి. ఏలూరు కాలువకు ఉత్తరాన, మైలవరం వైపు వర్షాధారపు మెట్టలో పెద్ద పెద్ద చెరువులుంటాయి. ఒకవైపు గట్టు, మిగతా వైపులు వంకరటింకర. గట్టు ఉన్న వైపే నేల దిగుతోంది. కాలువకు దక్షిణాన అలాంటి చెరువులు ఆగిపోతాయి, అవసరం లేదు కాబట్టి. చెరువులు ఎక్కడ ఆగాయో ఒక చుక్కల గీత గీస్తే అదే డెల్టా హద్దు.

బుడమేరు మీద ఒక గంట

షీటులో ఒక్క చోటే చూడాలంటే ఇది చూడండి. బుడమేరు మైలవరం కొండల్లో పుట్టి, బెజవాడకు ఉత్తరంగా వచ్చి, కొల్లేరుకు పోతుంది. నీలం గీతను పుట్టిన చోటి నుంచి వేలితో తడుముతూ రండి. కొండల్లో గీతలు నిటారుగా, ఎన్నో పాయలుగా ఉంటాయి. ఊరి దగ్గరికి వచ్చేసరికి వాలు తగ్గి గీత మెలికలు తిరుగుతుంది. వాలు ఉన్నచోట వేగంగా వచ్చిన నీళ్లు వాలు లేనిచోట ఆగి పక్కలకు పరుచుకుంటాయని ఆ మెలికలే చెప్తున్నాయి. వరద నీటిలో కొంత భాగాన్ని వెలగలేరు దగ్గర మళ్లించి కృష్ణలోకి పంపే ఏర్పాటు ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో ఆ మళ్లింపు కాలువ గట్లు తెగి, సింగ్ నగర్ పక్కల ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. పాత షీటులో అదే జాగా ఎలా ఉందో, చుట్టూ ఊళ్ల గుర్తులు ఉన్నాయో లేదో చూడండి. పాతకాలపు పల్లెలు డెల్టాలో ఊరికే మెరక ఎంచుకోలేదు.

నదికి అవతల కొండవీటి వాగును కూడా ఇలాగే పట్టుకోండి. కొండవీడు వైపు నుంచి నీళ్లు తెచ్చి ఉండవల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నదే నిండుగా ఉన్న రోజున ఆ వాగు ఎక్కడికి పోతుంది? అమరావతి గురించి మాట్లాడేవాళ్లంతా ఒకసారి వేసుకోవాల్సిన ప్రశ్న.

ఇప్పటి ఉపగ్రహ చిత్రం మీద పరచడం

క్యూజీఐఎస్ అనే మ్యాప్‌ల సాఫ్ట్‌వేర్ ఉచితం. అందులో జియోరిఫరెన్సర్ (స్కాన్‌ను అసలు అక్షాంశ రేఖాంశాల మీద కూర్చోబెట్టే భాగం) తెరిచి స్కాన్‌ను ఎక్కించండి. షీటు నాలుగు మూలలకూ అక్షాంశ రేఖాంశాలు రాసి ఉంటాయి, మధ్యలో కూడా గుర్తులుంటాయి. ఎనిమిది పది బిందువులు ఇస్తే చాలు, స్కాన్‌ను సర్దే పద్ధతిగా మొదటి తరగతి పాలినోమియల్ ఎంచుకోండి. రెండో, మూడో తరగతికి పోతే బిందువుల దగ్గర బాగా కుదిరినట్టు కనిపించి మిగతా చోట్ల మ్యాప్ మెలితిరుగుతుంది.

ఆ షీట్లు ఎవరెస్ట్ గోళాభం అనే పాత భూమి ఆకారపు నమూనా మీద వేసినవి, ఇప్పటి జీపీఎస్ డబ్ల్యూజీఎస్ 84 అనే నమూనా మీద నడుస్తుంది. తేడా ఇక్కడ రెండు వందల మీటర్ల ప్రాంతంలో ఉంటుంది. ఈ స్కేలులో అది కాగితం మీద ఒక మిల్లీమీటరు కూడా కాదు, కాబట్టి టెన్షన్ పడాల్సింది లేదు. అంగుళం మ్యాప్‌తో పనిచేస్తే మాత్రం మూడు మిల్లీమీటర్లకు పైనే పక్కకు జరుగుతుంది, సరిచేసుకోవాలి. అందుకు కదలని గుర్తులే తీసుకోండి: కొండ శిఖరాలు, కృష్ణ మీద రైలు వంతెన కొసలు, రైల్వే జంక్షన్లు. లంకలు, నది ఒడ్డు, సముద్ర తీరం జోలికి పోవద్దు. వరద వరదకీ లంకలు రూపు మార్చుకుంటాయి.

పరిచాక పారదర్శకత సగానికి పెట్టి అటూ ఇటూ జరుపుతూ చూడండి. మీరు డ్రెయిన్ రంగు వేసిన గీతల మీద ఇప్పుడు ఏమున్నాయి? చేపల చెరువులా, లేఅవుట్లా, బైపాస్ రోడ్డా? రోడ్డు గట్టు డ్రెయిన్‌ను అడ్డంగా కోసిన ప్రతిచోటా ఒక గుర్తు పెట్టండి. ఆ జాబితా మీ ఊరి పంచాయతీలోనో వార్డులోనో పనికొస్తుంది.

ఈ షీటుతో చేయకూడని పని

స్థలం కొనడానికి దీన్ని సాక్ష్యంగా పట్టుకెళ్లకండి. 1:250,000లో అర మిల్లీమీటరు గీతే నేల మీద 125 మీటర్లు. మీ రెండొందల గజాలు ఆ గీత మందంలోనే మునిగిపోతాయి. ఈ షీటు "ఇటువైపు పల్లం, ఎంక్వయిరీ చెయ్యి" అని మాత్రమే చెప్పగలదు. సర్వే నంబరు హద్దులకు గ్రామ నక్షా, ఎఫ్ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) ఉన్నాయి. అలాగే ఇందులో గీసిన జిల్లా, రాష్ట్ర సరిహద్దులకు ఇప్పుడు ఏ విలువా లేదు.

రంగులు వేసిన ప్రింట్‌ను జేబులో పెట్టుకుని ఒకసారి కాలువ గట్టు వెంబడి తిరిగి రండి. నీళ్లు వదిలిన రోజుల్లో అయితే మంచిది. లాకుల దగ్గర లస్కర్ (కాలువ చూసుకునే సిబ్బంది) ఎవరైనా ఉంటే షీటు చూపించి, శివారు పొలాలకు నీళ్లు ఎటు నుంచి అందుతాయో, మురుగు ఎటు పోతుందో అడగండి. ఏ తూము ఎప్పుడు మూశారో, ఏ బోదె పూడిపోయిందో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. చెప్పింది అక్కడికక్కడే ప్రింట్ మీద, తేదీ వేసి రాసుకోండి. ఇంటికొచ్చాక స్కాన్ ఫైలు పేరులో షీటు నంబరు, ప్రచురణ సంవత్సరం, మూలం సంవత్సరం మూడూ పెట్టి దాచండి. పక్క షీటు తెచ్చి అతికించేటప్పుడు ఏది ఏ కాలానిదో వెతుక్కునే పని తప్పుతుంది.